పుట్టిన తేదీ: డిటో

మే నెల నడి ఎండల్లో నంద్యాలలో అయిదు రోజుల శిక్షణ అని ఫోన్లో సమాచారం వచ్చినప్పుడు, నేను చేసిన మొదటి పని మా బడి తెలుగు అయ్యవారికి ఫోన్ చేసి తిట్టడం. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఎవరినో ఒకరిని తిట్టకపోతే నాకు ఎండ ఎక్కువగా తగులుతుంది. పదేళ్ళ స్నేహంలో ఆయనకు ఇది అలవాటైపోయింది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, పొద్దున ఏడు గంటల బస్సుకు రమ్మని చెప్పి పెట్టేశాడు.

నేను లెక్కల అయ్యవారిని. ఆళ్ళగడ్డ దగ్గర హైస్కూల్లో పని. నోరు పెద్దది, ఓపిక చిన్నది. రాత మాత్రం ముత్యాల్లాగా ఉంటుందని పేరు. బడిలో ఏ రిజిస్టరు మొదలుపెట్టినా మొదటి పేజీ నా చేతే రాయిస్తారు. ఆ సంగతి అడగని వాళ్ళకు కూడా చెప్పుకుంటూ ఉంటాను.

ఇంట్లో ఎవరూ కాలేజీ మొహం చూడని పిల్లలు పదో తరగతితో ఆగిపోకుండా చూడడం ఎట్లా అన్నది ఆ శిక్షణ. బాలికల ఉన్నత పాఠశాలలో ఒక పెద్ద హాలు, నాలుగు ఫ్యాన్లు, అందులో ఒకటి మాటలు ఎక్కువ, గాలి తక్కువ. నలభై మందిమి అయ్యవార్లం, టీచరమ్మలం. మేము కూర్చున్న తీరు చూస్తే మా పిల్లలకు మా మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోయేది. అందరికీ వెనక బెంచీలే కావాలి. మా తెలుగు అయ్యవారు స్తంభం చాటు చూసుకున్నాడు. ఉగ్గాని, బజ్జీ తిని వచ్చిన వాళ్ళు పదకొండుకే కునుకు తీశారు. ప్యాపిలి నుంచి వచ్చే ఒక హెడ్మాస్టరు రోజూ అరగంట ఆలస్యం, రోజూ బస్సే కారణం. ముప్పై ఏళ్ళ సర్వీసున్న టీచరమ్మ ఒకరు నీళ్ళు తాగి వస్తానని చిటికెన వేలు చూపించి, వేలు తప్పు చూపించానని తెలిసి నవ్వు ఆపుకోలేక అట్లాగే బయటికి పరిగెత్తింది.

శిక్షణ ఇచ్చే అమ్మాయి మాలో చాలామంది కన్నా ఇరవై ఏళ్ళు చిన్నది. పాణ్యం దగ్గర పల్లె. అమ్మానాన్నలు కూలికి పోతుంటే చదువుకున్నానని మొదటి రోజే చెప్పింది. గొంతు పెంచేది కాదు. మాలో ఎవరైనా మాట్లాడుకుంటుంటే ఆగి, మేము ముగించే దాకా చూస్తూ నిలబడేది. ఆ ఉపాయం ఇన్నేళ్ళూ నాకెందుకు తట్టలేదా అని నాకు లోపల అసూయ కలిగింది.

మొదటి రోజు సాయంత్రం ఆమె మాకొక పని పెట్టింది. ఒక్కొక్కరు ఒక్క విద్యార్థిని ఎంచుకోవాలి. మరుసటి రోజు ఆ విద్యార్థి కాగితాలన్నీ తెచ్చి, కాలేజీ దరఖాస్తును మొదటి గడి నుంచి చివరి గడి దాకా మా చేతులతో మేమే నింపాలి. ఆ పిల్ల కాలేజీలో కూర్చునే దాకా బాధ్యత మాదే.

నాకు ఎంచుకోవడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. మా పదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. చివరి వరసలో గోడకానుకుని కూర్చునేది. లెక్క ఇంకా సగం బోర్డు మీద ఉండగానే జవాబు ఆమె నోట్లో ఉండేది. నేను కావాలని ఒక అంకె తప్పు వేస్తే చెయ్యి ఎత్తకుండా కళ్ళతోనే చెప్పేది. నాన్న లేడు. అమ్మ ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక షెడ్డులో, చెక్కిన రాయిని నీళ్ళు పోసి రుద్ది నునుపు చేస్తుంది. అన్న ఏడో తరగతిలో బడి మానేసి ట్రాక్టరు నడుపుతున్నాడు. ఇంటి వ్యవహారాలన్నీ పెదనాయన చేతిలో. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నేను మిఠాయి పట్టుకుని వాళ్ళింటికి పోతే ఆయన ఒకటే మాట అన్నాడు.

"ఊరికే పెట్టి సదివిచ్చే కాలేజీలో సీటొస్తే పంపిస్తా సారూ. రాకపోతే శ్రావణంలో పెండ్లి. జూన్ పది దాటితే ఆధార్ కార్డులో పద్దెనిమిది నిండుతాయి. అడిగేటోళ్ళు యాడుండారు?"

హాస్టలు, భోజనం, చదువు అన్నీ ఉచితంగా ఇచ్చే అమ్మాయిల కాలేజీ నంద్యాలలో ఒకటుంది. ఆమెకు వచ్చిన మార్కులకు అక్కడ సీటు రాకపోవడమన్నది ఉండదు. నేను మీసం మెలేసి, ఆ కాగితాలన్నీ కవర్లో పెట్టుకుని రెండో రోజు నంద్యాల బస్సెక్కాను.

దరఖాస్తు ఎట్లా నింపాలో గోడ మీద తెర వేసి చూపిస్తామని, ముందు ఎవరు వస్తారని అడిగారు. నేనే పోయాను. పేరు, ఊరు, కులం, మార్కులు, అన్నీ చకచకా కొట్టాను. పుట్టిన తేదీ కొట్టి మీట నొక్కితే ఎర్రటి అక్షరాలు వచ్చాయి. వయసు పరిమితి దాటింది, దరఖాస్తు చెల్లదు. జూలై నాటికి పదిహేడు దాటి ఉండకూడదట. మా అమ్మాయికి జూన్ పదికి పద్దెనిమిది.

నలభై మంది ముందు నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయికి పద్దెనిమిది ఎట్లా ఉంటాయి? చూస్తే పదిహేను కూడా అనిపించదు. చదువులో ఒక్క ఏడాది మాత్రమే పోయింది, అదీ వాళ్ళమ్మ మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోయినప్పుడు. ఇంకేముంది, ఒకటో తరగతిలో చేర్చుకున్న అయ్యవారెవడో కళ్ళు మూసుకుని రాసుంటాడని నాకు అర్థమైపోయింది. ఇక నా నోటికి అడ్డం లేకుండా పోయింది. తలకాయ లేనివాడన్నాను. పిల్లల బతుకులతో ఆడుకునే ఇట్లాంటి వాళ్ళకు పెన్ను ఇవ్వకూడదన్నాను. వాడు ఎవడో కనుక్కుని రేపు ఇదే హాల్లో పేరు చదువుతానన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. శిక్షణ ఇచ్చే అమ్మాయి మాత్రం మెల్లగా, ఆ బడి రిజిస్టరు చూశారా సార్ అని అడిగింది. రేపు పొద్దున చూసే వస్తానని శపథం చేశాను.

అమ్మాయిది ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో ఒక పల్లె. అక్కడి ప్రాథమిక పాఠశాలలో నేను కూడా ఒకప్పుడు పనిచేశాను. అంటే ఆ రిజిస్టరు ఏ బీరువాలో ఉంటుందో నాకు తెలుసు. మూడో రోజు తెల్లవారగానే మోటారు సైకిలు మీద పోయాను. సెలవుల్లో తాళం చెవి వంటచేసే ఆయమ్మ దగ్గర ఉంటుంది. ఆమె నన్ను చూసి సంతోషపడి, బడి తెరిచి, బీరువా తీసి, దుమ్ము దులిపి రిజిస్టరు నా చేతిలో పెట్టింది. పదకొండేళ్ళ వెనకటి పేజీ తిప్పాను.

ముత్యాలు. ఆ పేజీ నిండా ముత్యాలే.

మొదటి వరసలో అమ్మాయి అన్న. పుట్టిన తేదీ జూన్ పది, చేరేనాటికి సరిగ్గా ఏడేళ్ళు. రెండో వరసలో అమ్మాయి. ఊరు అన్న చోట డిటో గుర్తు, పైదే అని చెప్పే రెండు చిన్న గీతలు. మాతృభాష డిటో. తండ్రి వృత్తి డిటో. పుట్టిన తేదీ డిటో. దాని కింద ఎనిమిది మంది పిల్లలు, వాళ్ళందరికీ పుట్టిన తేదీ డిటోనే. అంతమంది ఒకే రోజు పుట్టారంటే ఆ రోజు ఆ పల్లెలో మంత్రసానికి అన్నం తినడానికి కూడా తీరిక దొరికి ఉండదు. ఆయమ్మ నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఇది నీ రాతే గదా సారూ. బోర్డు మీద గూడా ఇట్లే రాస్తాంటివి."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ జూన్‌లో పిల్లల సంఖ్య తక్కువైతే ఇద్దరు అయ్యవార్లలో ఒకరిని తీసేస్తామన్నారు. బడి తెరిచిన రోజు నేను ఇల్లిల్లూ తిరిగి పది మందిని పట్టుకొచ్చాను. వాళ్ళలో మేకలు కాసే ఒక పిల్లవాడు చెల్లెలు లేకపోతే రానని మొండికేశాడు. ఆ చెల్లెలు వాడి చొక్కా అంచు పట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం గుడ్డు పెడతామని చెబితే నమ్మకం లేనట్టు నా మొహం చూసింది. అధికారి జీపు ఊళ్ళోకి వస్తోందని కబురు తెలిసి, ఒక్క ఊపులో పది వరసలు రాసేశాను. అప్పట్లో మేమందరం అంతే. పుట్టిన తేదీ తెలియని పిల్లలందరికీ జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేవాళ్ళం. కానీ నేను ఏడేళ్ళ వాడి కింద నాలుగేళ్ళ పిల్లకు డిటో పెట్టాను. ఆ మరుసటి ఏడే ప్రమోషన్ వచ్చి ఆళ్ళగడ్డకు వెళ్ళిపోయాను. ఆరో తరగతిలో ఆ పిల్ల మా హైస్కూలుకు వచ్చినప్పుడు, గుడ్డు కోసం వచ్చిన పిల్ల ఈమేనని తట్టను కూడా లేదు. తర్వాత కార్డులో, మార్కుల మెమోలో, ప్రతి చోటా నా రెండు గీతలే నకలు దిగుతూ వచ్చాయి.

నంద్యాల బస్సులో తెలుగు అయ్యవారికి చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి చూశాడు, నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. రాసిన ఆయన రిటైరై ఏ కొడుకు దగ్గరికో పోయాడని చెప్పేస్తే సరి, ఎవరు వెతుకుతారు అని సలహా ఇచ్చాడు. నిజం చెబుతున్నాను, పాణ్యం పోయే బస్సు ఒకటి మమ్మల్ని దాటిపోయే దాకా నేను ఆ సలహా గురించి గట్టిగానే ఆలోచించాను. కానీ ఆ అయ్యవారి పేరు చదువుతానని నలభై మంది ముందు నేనే కదా అన్నాను.

హాల్లో లేచి నిలబడి, తలకాయ లేనివాడి పేరు కనుక్కున్నానని చెప్పి, నా పేరే చదివాను. ఎవరూ నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధ. నిన్న చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఒళ్ళో పడి ఉన్నాయి.

శిక్షణ ఇచ్చే అమ్మాయి ఈ హాల్లో జూలై ఒకటో తారీఖున పుట్టిన వాళ్ళు చేతులెత్తమంది. నేనే మొదట ఎత్తాను, నాది అదే తేదీ. స్తంభం చాటు నుంచి తెలుగు అయ్యవారి చెయ్యి లేచింది. ఆలస్యం హెడ్మాస్టరు చెయ్యి లేచింది. ఒకటి తర్వాత ఒకటి చేతులు లేస్తూనే ఉన్నాయి. మేము ఒకరినొకరు చూసుకున్నాం. జూన్‌లో పుట్టిన వాళ్ళు అని అడిగితే మిగతా వాళ్ళలో సగం చేతులు లేచాయి. చిటికెన వేలు టీచరమ్మ, అయితే నేను కూడా అబద్ధమేనా అని గట్టిగా అనేసింది. అప్పుడు నవ్వు మొదలైంది. ఫ్యాన్ల చప్పుడు కూడా వినపడనంత నవ్వు. మాలో చాలామందికి ఏ అయ్యవారో ఒకడు, ఏ జీపుకో భయపడి, పుట్టినరోజు పంచిపెట్టాడు. మేము మళ్ళీ మా పిల్లలకు అదే పంచాం. మీలో ఇట్లా రాసిన వాళ్ళు ఎంతమంది అని ఆమె మూడో ప్రశ్న వేసినప్పుడు చేతులు మెల్లగా లేచాయి గానీ, అన్నీ లేచాయి.

అసలు తేదీ ఎట్లా తెలుసుకుంటారని ఆమె నన్ను అడిగింది. నేను వేళ్ళు మడుస్తూ చెప్పాను. ఆస్పత్రిలో అడుగుతా, తహసీల్దారు ఆఫీసులో అడుగుతా, అవసరమైతే కోర్టు నుంచి కాగితం తెస్తా. ఆమె అంతా విని, వాళ్ళమ్మను అడిగారా సార్ అంది. మడిచిన వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. నా లెక్కలో ఆమె లేనే లేదు.

సాయంత్రం ఆళ్ళగడ్డలో బస్సు దిగి నేరుగా విగ్రహాల షెడ్డుకు పోయాను. ఆమె ఒక అమ్మవారి విగ్రహం చేతిని నీళ్ళు పోసి రుద్దుతోంది. మోచేతుల దాకా బూడిద రంగు నీళ్ళు. రిజిస్టరు సంగతి, నేను చేసిన పని, వయసు పరిమితి, అన్నీ చెప్పాను. ఆమె రుద్దడం ఆపకుండానే విన్నది. బిడ్డ ఎప్పుడు పుట్టిందని అడిగితే చెయ్యి ఆపింది.

"స్వామి పారువేటకొచ్చిన దినం సారూ. ఊర్లో పల్లకీ దించినారు, మేళం ఇనపడ్తానే ఉంది, నాకు నొప్పులు. నర్సమ్మ ఆటోలో ఏసుకోని ఆస్పత్రికి తీసకపాయ. పెద్ద వరదొచ్చె గదా, ఆ వరద పోయినంక వచ్చిన పారువేట."

నేను అంతసేపూ నిలబడే ఉన్నాను. పక్కనున్న బండరాయి మీద కూలబడ్డాను. ఇంత స్పష్టంగా తెలిసినప్పుడు ఆ రోజు బడిలో చెప్పలేదేం అని అడిగాను. ఆమె కోపంగా అనలేదు, చాలా మామూలుగా అంది.

"అడిగింటే చెప్పేదాన్ని గదా సారూ. యాడ అడిగినారు మీరు?"

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. మా అమ్మను కూడా నేనెప్పుడూ అడగలేదు. జూలై ఒకటి అని కాగితం చెబుతుంటే అమ్మను అడగాలని అనిపించలేదు. అడిగి ఉంటే ఆమె కూడా ఏ వాననో, ఏ కోతనో గుర్తుపెట్టుకుని చెప్పేది. ఇప్పుడు అమ్మ లేదు. ఆ షెడ్డులో, ఉలుల చప్పుడు మధ్య, నాకు ఏడుపొచ్చింది. ఆమె నా వైపు చూడకుండా చెంబుతో నీళ్ళు అందించింది.

పారువేట సంగతి మా వైపు వాళ్ళకు చెప్పనక్కరలేదు. కనుమ నుంచి నలభై రోజులకు పైగా అహోబిలం స్వామి పల్లకీ ఎక్కి ఊరూరూ తిరుగుతాడు. తన పెళ్ళికి జనాన్ని తానే పిలుచుకుంటాడు. ఏ ఊళ్ళో ఎప్పుడు దిగాలో తరతరాలుగా ఒక వరస ఉంది. నాలుగో రోజు నేను శిక్షణకు సెలవు అడిగితే, ఈ రోజు మీ శిక్షణ అహోబిలంలోనే సార్ అని ఆ అమ్మాయి ఫోన్లో చెప్పింది.

పల్లకీతో పాటు తిరిగే సేవ వంశపారంపర్యంగా చేస్తున్న ఇల్లు ఒకటి అహోబిలంలో ఉంది. ఆ ఇంటి పెద్దాయన వరండాలో పడక కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. నేను వచ్చిన పని చెప్పగానే లోపలికి పోయి అట్ట చిరిగిన నోటు పుస్తకాలు రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. ఏటా ఏ ఊళ్ళో ఏ పొద్దు పల్లకీ దించారు, ఎప్పుడు ఎత్తారు, ఎవరింట్లో భోజనం, ఎక్కడ బోయీల కాలికి ముల్లు గుచ్చుకుంది, అన్నీ అందులో ఉన్నాయి. వరద వచ్చిన తర్వాతి పారువేట పుస్తకం తీశాడు. ఊరి పేరు మీద వేలు పెట్టి, తిథి కావాలా తేదీ కావాలా అని అడిగాడు. ఫిబ్రవరిలో ఒక తేదీ. రెండూ రాసిచ్చి, నా మొహం చూసి నవ్వాడు. "అయ్యవార్లు మరిచిపోయినా స్వామి రాసిపెట్టుకున్యాడు గదప్పా" అన్నాడు. ఆయన పెట్టిన పులిహోర తినే దాకా నన్ను కదలనివ్వలేదు.

తేదీ చేతిలో ఉంటే మిగతా పని ఎంత సులువో అప్పుడు తెలిసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇప్పుడున్న నర్సు చిన్నపిల్ల. పాత రిజిస్టర్లు రేకు పెట్టెలో ఉన్నాయి, తేదీ లేకుండా ఎవరొచ్చినా నేను వెతకలేను సార్ అంది. తేదీ చెప్పాను. ఆమె పేజీ తిప్పింది, నాలుగో వరసలో వేలు ఆగింది. తల్లి పేరు, ఊరు, సాయంత్రం అయిదున్నర, ఆడ శిశువు, బరువు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. ఆ పేజీలో ఆరు కాన్పులు ఉన్నాయి. ఆ నర్సమ్మ ఎవరో, ఇప్పుడు ఎక్కడ ఉందో తెలియదు. రాత కోడి కెలికినట్టు ఉంది. కానీ ఆరుగురు తల్లుల ఊర్లూ, ఆరు తేదీలూ, ఒక్క డిటో కూడా లేకుండా పూర్తిగా రాసింది. ఆ రాత ముందు నా ముత్యాలు నాకు చాలా చవకగా కనిపించాయి.

అయిదో రోజు హాల్లోకి పోగానే నలభై మందీ నా మొహమే చూశారు. నేను తేదీ చెప్పాను. బరువు కూడా చెప్పాను. ఈసారి కొట్టిన చప్పట్లు రెండో రోజు చప్పట్ల లాంటివి కావు. తలా ఒక చెయ్యి వేశారు. పంచాయతీ ఆఫీసులో జనన ధ్రువపత్రం పని తన తమ్ముడిదేనని చిటికెన వేలు టీచరమ్మ అప్పటికప్పుడే ఫోన్ కలిపింది. ప్యాపిలి హెడ్మాస్టరుకు ఈ కాగితాల పని కొట్టిన పిండి. ఎవరికి ఏ అర్జీ పెట్టాలో వరసగా రాసిచ్చాడు, అది రాయడానికి మధ్యాహ్నం భోజనం కూడా ఆలస్యం చేసుకున్నాడు. తెలుగు అయ్యవారు అర్జీలోని నా భాషను దిద్దాడు.

అన్నిటికన్నా కష్టమైన కాగితం నేను రాయాల్సింది. ఫలానా సంవత్సరం, ఫలానా బడిలో, విచారించకుండా పుట్టిన తేదీ నమోదు చేసింది నేనే అని. మా బడి హెడ్మాస్టరు తల పట్టుకున్నాడు. ఇది పైకి పోతే సంజాయిషీ అడుగుతారు, ఇంక్రిమెంటు ఆపినా ఆపుతారు, నీకేం ఖర్మ అన్నాడు. నాకు భయం వేయలేదని అబద్ధం చెప్పను. మూడు కాగితాలు చించి నాలుగోది రాశాను. సంతకం పెట్టాక మాత్రం ఆకలి వేసింది, హోటలుకు పోయి రెండు దోసెలు తిన్నాను. సంజాయిషీ తర్వాత అడిగారు, ఇచ్చాను, ఒక మందలింపుతో వదిలేశారు.

ధ్రువపత్రం చేతికొచ్చిన రోజు పెదనాయనకు చూపించాను. ఆయన చదవలేడు, అన్న చదివి వినిపించాడు. పదిహేనేనా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత పెండ్లి మాట ఎత్తలేదు, మంచి మనిషే, కార్డును నమ్మాడు, అంతే. నన్ను మాత్రం ఒక చూపు చూశాడు. నాకు అది దక్కాల్సిందే.

కాలేజీ వాళ్ళు గడువుకు రెండు రోజుల ముందు మమ్మల్ని పిలిచారు. అమ్మాయి, వాళ్ళమ్మ, నేను. తల్లి ఆ రోజు కూలి మానుకుని, ఉతికి పెట్టుకున్న చీర కట్టుకుని వచ్చింది. గోళ్ళ సందుల్లో రాతి పొడి ఎంత కడిగినా పోలేదు. ప్రిన్సిపాలమ్మ కాగితాలు బల్ల మీద పరిచింది. మార్కుల మెమోలో ఒక తేదీ, ధ్రువపత్రంలో ఇంకొకటి, మధ్యలో నేను రాసిచ్చిన ఒప్పుకోలు. అద్దాలు తీసి, వీటిలో ఏది నిజం అని అడిగింది. నేను బస్సులో అయిదు నిమిషాల ఉపన్యాసం తయారు చేసుకుని ఉన్నాను. నోరు తెరిచాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపి, తల్లి వైపు తిరిగింది.

తల్లి ముందుకు వంగి ధ్రువపత్రం మీద వేలు పెట్టింది.

"కన్నదాన్ని నేను మేడమ్. ఇదే నిజం."

ప్రిన్సిపాలమ్మ అద్దాలు మళ్ళీ పెట్టుకుంది. మెమోలో తేదీ దిద్దించి ఆర్నెల్లలోపు తెచ్చివ్వాలని నాకు చెప్పి, దరఖాస్తు మీద సంతకం పెట్టింది. గుమాస్తా హాస్టల్లో మంచం నంబరు రాసిచ్చాడు. తల్లి ఆ చీటీని మడిచి కొంగున ముడి వేసుకుంది. నాకు గట్టిగా అరవాలనిపించింది, కాలేజీ అని ఊరుకున్నాను.

బయట ఎండ దంచుతోంది. గేటు ముందు బండి దగ్గర ముగ్గురం నిమ్మకాయ సోడా తాగుతున్నాం. నేను అమ్మాయికి క్షమాపణ చెప్పాలని వారం నుంచి అనుకుంటున్నాను. పిల్లలకు క్షమాపణ చెప్పడం నాకు అలవాటు లేని పని, గొంతు సర్దుకుంటున్నాను. ఇంతలో అమ్మాయే మాట్లాడింది.

"సార్, నేను లెక్క ఏసుకుంటి. ఇంటర్ అయ్యేసరికి నాకు ఇరవై ఏండ్లొస్తాయి, ఇంగ సాలులే అనుకుంటాంటి. ఇప్పుడు అదే ఇరవైకి డిగ్రీనే అయిపోతాది గదా సార్."

నేను సోడా సీసా బండి మీద పెట్టి వేళ్ళ మీద లెక్క వేశాను. పదిహేను నుంచి రెండేళ్ళు, ఆ పైన మూడేళ్ళు. సరిగ్గా సరిపోయింది. ఈ వయసు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన ఇన్ని రోజుల్లో నేను సీటు ఒక్కటే లెక్క వేశాను, ఆమె అయిదేళ్ళు వేసుకుంది. క్షమాపణ సంగతి మరిచిపోయి, ఇంకొక సోడా తాగుతావా అని అడిగాను. తాగుతానంది.